బ్రేకు నీళ్ళు

మొన్న ఆత్మకూరులో మెకానిక్ నా పాత కారు బానెట్టు ఎత్తి, మూలనున్న చిన్న గిన్నె మూత తియ్యగానే ఆ వాసన వచ్చింది. ఆముదంలా అనిపించి ఆముదం కాని, కాస్త తియ్యగా, కాస్త నీచుగా ఉండే వాసన. "బ్రేకాయిలు నల్లబడిపోయుండాది మేడం. అంతా తీసేసి కొత్తది పోస్తా. ఎదురంగట్లో దొరుకుతాది, తెచ్చుకోండి," అన్నాడతను. నేను వెంటనే కదల్లేదు. మూత అడిగి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, దానిమీద ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలు చదివాను. డాట్ ఫోర్ రకం బ్రేకాయిలు మాత్రమే వాడాలని, సీలు తియ్యని డబ్బాలోదే పొయ్యాలని ఉంది. చేజర్లలో పిల్లలకు లెక్కలు చెప్పుకునే పంతులమ్మకు ఇంత పట్టింపు ఎందుకని అతను అనుకునే ఉంటాడు. ఆ పట్టింపు నాకు మా అవ్వ వల్ల వచ్చింది.

మాది ఉదయగిరి. మా నాయన జీపు తోలేవాడు. ఆ జీపు రాకముందు మా ఇంట్లో అవ్వ గొర్రెల మంద ఉండేది. తాత పోయాక ఆ మందనే నమ్ముకుని ఆమె నాయనను పెంచింది. ఒకరి దగ్గర డ్రైవరుగా ఉన్న కొడుక్కి సొంత బండి ఉండాలని మంద మొత్తం అమ్మేసి ఒక పాత జీపు కొనిచ్చింది. గొర్రెలు పోయాయి గానీ అవ్వ అలవాట్లు పోలేదు. జీపును గొర్రెల దొడ్లోనే నిలిపేవాళ్ళు. తెల్లవారగానే ఆమె తడిగుడ్డతో దాని మొహం తుడిచి, చెంబుతో రేడియేటరుకు నీళ్ళు పోసి, ఏదో గొణుక్కుంటూ, బుడబుడమనే శబ్దం ఆగేదాకా వినేది. సాయంత్రం నాయన తిరిగిరాగానే బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, "ఒళ్ళు కాలిపోతా ఉండాది, ఈ పూటకి దీన్ని కదిలించబాకరా," అనేది. బండికి ఏం కావాలో తనకు తెలిసినంతగా కొడుక్కి తెలీదని ఆమె గట్టి నమ్మకం. నాయన కూడా ఆ నమ్మకాన్ని ఎప్పుడూ కాదనలేదు.

ఎండాకాలంలో దుర్గం కొండ రాళ్ళు పొద్దుగూకాక కూడా సెగలు కక్కుతుంటే, మేము నీడపట్టున చెక్క చెంచాలు చెక్కే ఇళ్ళ ముందు చేరి, కింద రాలిన సన్నని చెక్కపొట్టు చుట్టలను గాజులని చేతులకు, లోలాకులని చెవులకు పెట్టుకుని పెళ్ళి ఆటలాడేవాళ్ళం. వానలు పడ్డాక కొండ సీతాఫలాలు వచ్చేవి. అవ్వ వాటిని జీపు వెనక సీటు కింద గడ్డిలో మాగబెట్టేది కాబట్టి, ఆ నెలంతా మా బండి ఎక్కినవాళ్ళకు డీజిలు వాసన, సీతాఫలం వాసన, తడిసిన దొడ్డి వాసన కలిసి తగిలేవి. ఆత్మకూరు పోయేటప్పుడు చెంచాల మూటలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్ళు. తిరిగొచ్చేటప్పుడు సోమశిల చేపల గంపలు. ఇంత మంది మధ్య నాయన ఒంటి తుంటి మీద కూర్చుని తోలేవాడు. ఆయన బండి ఎక్కితే కళ్ళు మూసుకుని కునుకు తియ్యచ్చని మా చర్చి ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఆ మాట వింటే నాకు ఛాతీ ఉబ్బేది.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు, క్రిస్మస్‌కు వారం ముందు జరిగింది. ఇంటికి సున్నం వేస్తున్నారు. అమ్మ అరిసెల పాకం ముందు కూర్చుంది. ఇల్లంతా బెల్లం, నెయ్యి, తడి సున్నం వాసన. నాయన పొద్దున్నే బానెట్టు ఎత్తి చూసి, "బ్రేకాయిలు తగ్గినట్టుండాదే. సాయంత్రం ఆత్మకూరులో తెస్తాలే," అని ఒంటికి నీళ్ళు పోసుకోవడానికి పోయాడు. చెంబుతో అక్కడే ఉన్న అవ్వ ఆ మాట విన్నది. సాయంత్రం దాకా బిడ్డను ఆకలితో ఉంచే మనిషి కాదు ఆమె. గూట్లో ఉన్న ఇంజను ఆయిలు డబ్బా తెచ్చి, ఒక్క చుక్క కింద పడకుండా ఆ చిన్న గిన్నె నిండా పోసి, మూత బిగించి, కొంగుతో తుడిచింది. పక్కన నిలబడి చూస్తున్న నాకు కూడా అందులో తప్పేమీ కనబడలేదు. అందరూ ఆయిలనే కదా అంటారు. సాయంత్రం నాయన డబ్బా తెచ్చి చూస్తే గిన్నె నిండుగానే ఉంది. పొద్దున తానే సరిగా చూడలేదనుకుని డబ్బా పక్కన పెట్టేశాడు.

నాలుగు రోజుల తర్వాత చర్చి ఆడవాళ్ళు కొత్తబట్టలు కొనడానికి ఆత్మకూరు బయల్దేరారు. నాయన పక్కన నేను. సగం దారి దాటాక బండి ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు బరువెక్కింది. బ్రేకు తొక్కితే రాయిలా ఉందన్నాడు నాయన. కాసేపటికి చక్రాల దగ్గర పొగ లేచింది. ఒకామె పసిబిడ్డను గుండెకు హత్తుకుని కదులుతున్న బండిలోంచే దూకబోయింది. మిగిలినవాళ్ళు ఆమెను పట్టుకున్నారు. బండి ఆపి, చక్రాలు చల్లారేదాకా చెట్టు కింద కూర్చుని, మళ్ళీ నత్తలా పాకుతూ ఆత్మకూరు చేరేసరికి నాయన చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

మెకానిక్ విప్పి చూపించాడు. లోపలి రబ్బరు వాషర్లు నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. గిన్నెలో వేలు ముంచి వాసన చూసి, "ఇంజనాయిలు ఎవురు పోసినారన్నా ఇందులో? పేరుకే గదా ఆయిలు, బ్రేకాయిలు నూనె జాతే కాదు. నూనె తగిలితే రబ్బరు పాడైపోతాది. బ్రేకు బిగుసుకున్నాది కాబట్టి బతికినారు, వదిలేసుంటేనో?" అన్నాడు. చుట్టూ ఆడవాళ్ళు నిలబడి వింటున్నారు. నాయన నా వైపు చూశాడు. నా మొహంలో అంతా కనబడి ఉంటుంది. నేను "అవ్వ..." అనేలోగా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "నేనే పోసినాను. పొరపాటైపోయింది," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆడవాళ్ళు బస్సెక్కారు. ఖాళీ జీపులో నాయన ఒకే మాటన్నాడు: "అవ్వకి చెప్పబాకమ్మా. తెలిస్తే ఇంక బండి మీద చెయ్యి వెయ్యదు." ఆ తర్వాత చాలా నెలలు ఆయనకు ఎగతాళి తప్పలేదు. "ఏందన్నా, ఈరోజు ఏం పోసినావు, నువ్వులనూనా?" అని అడిగి మరీ పక్క జీపు ఎక్కేవాళ్ళు. చెంచాల మూటలు కూడా కొన్నాళ్ళు రాలేదు. కళ్ళు మూసుకుని ఎక్కే బండి అన్న పేరు మళ్ళీ రావడానికి ఏడాది పైనే పట్టింది. ఆ ఏడాది నాయనను చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఇంట్లో మాత్రం ఆయన ఒక పని చేశాడు. బ్రేకాయిలు డబ్బా మీద ఎర్ర రంగుతో పెద్దగా "బ్రేకు నీళ్ళు" అని రాశాడు. అవ్వకు చదువు రాదు కాబట్టి నోటితో కూడా అలాగే అనడం మొదలుపెట్టాడు. "అమ్మా, రేడియేటరు నీళ్ళు నీ చేత్తో పొయ్యి. ఈ బ్రేకు నీళ్ళు మాత్రం వేరే. అంగడోళ్ళు నా చేతికిచ్చినవే పొయ్యాల," అనేవాడు. నిజానికి దానికి పెద్ద శత్రువు నీళ్ళే. మూత తెరిచి పెడితే గాలిలో తేమను కూడా లాక్కుని పాడవుతుంది. నాయనకు ఆ సంగతి తెలుసు. తెలిసీ, ఆయిలన్న మాట అవ్వ చెవిన పడకూడదని ఆ పేరే పెట్టుకున్నాడు. కొన్నాళ్ళకు అమ్మ, నేను, ఇంటికొచ్చే చుట్టాలు, అందరం బ్రేకు నీళ్ళే అనేవాళ్ళం.

నేను టీచరు ట్రైనింగుకు పోయే ముందురోజు, అరుగు మీద కూర్చుని చెంచాలకు గరుకు కాగితం రుద్దుతున్న అవ్వ, తలెత్తకుండానే అన్నది: "నీళ్ళంట నీళ్ళు. చర్చి ఆడోళ్ళు ఆ ఆదివారమే చెప్పినారే నాకు, ఇంజనాయిలు పోసినాడంట నీ కొడుకు అని. ఎవురు పోసినారో నాకు తెల్దా? అందరి ముందర నా తప్పు వాడు నెత్తినేసుకున్నాడు. నాకు తెల్దని వాడి సంతోషం. నువ్వు చెప్పబాక." చెంచా మీద పొడి ఊది, వెలుతురుకు పట్టి చూసి, ఇంకోటి తీసుకుంది. ఆమె పోయేదాకా నాయనకు నేను చెప్పలేదు. ఆమె పోయాక చెబుదామనుకున్నాను గానీ, ఆయనకు మిగిలిన ఆ సంతోషం తీసెయ్యడానికి నాకు మనసొప్పలేదు. ఇప్పుడు ఆయనా లేడు.

మొన్న ఎదురంగడికి పోయి, ఆలోచనలో ఉండి, "డాట్ ఫోర్ బ్రేకు నీళ్ళు ఇవ్వండి," అన్నాను. అంగడాయన కంగారుపడ్డాడు. "బ్రేకుకి నీళ్ళు పొయ్యగూడదు మేడం. ఆయిలే పొయ్యాల," అని నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. సరేనన్నాను. దొడ్డి పోయింది, జీపు ఎప్పుడో పాత ఇనుము కిందికి పోయింది, ఆ మాట అర్థమయ్యే మనిషి నాకు తెలిసి ఇంకొకరు లేరు.

మెకానిక్ పొయ్యగా మిగిలిన డబ్బాను దాచినా పనికిరాదని తెలుసు. అయినా ఇంటికి తెచ్చుకుని, బళ్ళో లెక్కలు దిద్దే ఎర్ర పెన్నుతో దానిమీద పెద్దగా "బ్రేకు నీళ్ళు" అని రాశాను. మా ఇంట్లో పొరపాటున వేరేది పోసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.