చలికాలంలో చిక్కటి ఆయిల్

మెకానిక్ తన బావమరిది నడిపే స్కూలు వ్యానులో ఎండాకాలం వాడే చిక్కటి ఆయిలే పోశాడు. పల్చటిది తేవాలంటే చలిలో బజారుదాకా వెళ్లాలి. బద్ధకించాడు.

తెల్లారేసరికి మంచు పేరుకుంది. ఇంజను మూలిగిందే గాని అందుకోలేదు. ఇంకొక్కసారి ఆలస్యమైతే బావమరిది ఉద్యోగం ఊడుతుంది.

"బ్యాటరీ మార్చమని నువ్వు మొత్తుకున్నావు, నేనే వినలేదు బావా," అన్నాడతను చేతులు రుద్దుకుంటూ. "దీనికీ నీలాగే చలికి దుప్పటి వదలబుద్ధి కాదు."

మెకానిక్‌కు నవ్వు రాలేదు. ఇంజనులో ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ పైకి లాగాడు. దాని కొసన ఆయిల్ బిగుసుకుపోయి, జారకుండా వేలాడుతోంది.

"బ్యాటరీ బానే ఉందిరా. ఆయిలే తప్పు, పోసింది నేను. మీ మేనేజరుకు ఫోన్ కలిపి నాకివ్వు," అన్నాడు తలెత్తకుండా.