చార్ల్‌స్టన్‌ వెళ్లి గోంగూర తిన్న వైనం

అప్పట్లో, అంటే ఓ పదేళ్ల కిందట, అమెరికాలో మేముండే ఫ్రిస్కో అపార్ట్‌మెంట్లలో పెళ్లైన ప్రతి తెలుగు మగవాడికీ ఏదో ఒక పిచ్చి ఉండి తీరాలని ఎవరో రూలు పెట్టినట్టుండేది. ఎదురింటాయనకి కెమెరా పిచ్చి. (పాపం, ఆయన భార్యకి కళ్లు తెరిచి ఉన్న ఫోటో ఒక్కటీ లేదు.) పై ఫ్లోర్ ఆయనకి పరుగు పిచ్చి, ఆరోగ్యం కోసం పరిగెత్తి పరిగెత్తి కుంటుకుంటూ ఆఫీసుకి వెళ్లేవాడు. మా ఆయనకి తిండి పిచ్చి. తినే పిచ్చి అయితే నేనేమీ అనేదాన్ని కాదు, అది నాకూ ఉంది. ఈయనది తిండి గురించి మాట్లాడే పిచ్చి. పెళ్లైన కొత్తలో భీమవరంలో మా అమ్మ చేసిన రొయ్యల వేపుడు తలెత్తకుండా మారు మీద మారు వడ్డించుకు తిన్న మనిషి, నన్ను అమెరికా తీసుకొచ్చాక ఫోన్‌లో వంటల వీడియోలు చూసి చూసి, నేను చేసిన టమాటా పప్పు ముందు కూర్చుని స్పూను పైకెత్తి, ఫ్లేవర్ ఉంది గానీ డెప్త్ లేదు అనడం మొదలుపెట్టాడు. పప్పులో లోతెందుకయ్యా, అదేమన్నా నుయ్యా అని అడిగేదాన్ని. ఆయన అప్పటికే ఫోటో తీసుకునే పనిలో పడేవాడు.

నా సంగతి చెప్పాలంటే, నేను డిపెండెంట్ వీసా మీద వచ్చి, బి.ఫార్మసీ పట్టా సూట్‌కేసు అడుగున పెట్టుకుని, పొద్దస్తమానం ఆ అపార్ట్‌మెంట్‌లో గోడలు చూస్తూ కూర్చునేదాన్ని. కారు నడపడం రాదు. ఫ్రిస్కోలో కారు నడపడం రానివాడికి కాళ్లు లేనట్టే లెక్క. ఊసుపోక పరీక్షలు రాస్తున్నానంటే మా ఆయన కూడా ఊసుపోకే అనుకున్నాడు. ఆ పరీక్షల పుణ్యమా అని ఏప్రిల్‌లో సెయింట్ లూయిస్‌లో మాస్టర్స్ సీటొచ్చింది. సోమవారంలోగా వస్తానో రానో చెప్పాలి. వస్తానంటే, పెళ్లై ఏడాది నిండకుండానే మొగుడొక ఊళ్లో, నేనొక ఊళ్లో, రెండేళ్లు. ఆ మాట ఆయనకి చెప్పాలి. ఎప్పుడు చెప్పను? పగలంతా చెవులకి హెడ్‌సెట్, సాయంత్రమంతా కళ్లకి వీడియోలు.

అలాంటి సమయంలో ఆయనే, వీకెండ్‌కి చార్ల్‌స్టన్ వెళ్దాం, అని ప్రకటించాడు. మూడు వందల ఏళ్ల ఊరు, వీధి వీధికీ చరిత్ర అన్నాడు గానీ చరిత్ర మీద ఆయనకున్న శ్రద్ధ నాకు తెలియనిది కాదు. అక్కడ ఒక రెస్టారెంట్‌లో శనివారం సాయంత్రం ఏడింటికి ఇద్దరికి టేబుల్ బుక్ చేశాడట. అది దొరకడమే గొప్పట. మెనూ ఆయన చదువుతుంటే విన్నాను. మొక్కజొన్న రవ్వ జావ మీద రొయ్యలు. బొబ్బర్లు వేసి వండిన అన్నం. బెండకాయ పులుసు లాంటిదేదో. ఇంతోటి దానికి విమానం ఎక్కాలా అని నోటిదాకా వచ్చింది. కానీ ఆ ఫోటోల్లో బల్ల మీద తెల్ల గుడ్డ, పక్కన దీపం, ఎదురెదురుగా రెండే రెండు కుర్చీలు కనిపించాయి. చెబితే అక్కడే చెప్పాలని ఆ క్షణంలో నిశ్చయించేసుకున్నాను. (వంటల వీడియోలు ఆయనొక్కణ్ణే పాడు చేశాయని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. అబద్ధం.)

ఆ తర్వాత మా ఆయన ఒక పని చేశాడు. తెలుగువాడు తప్ప భూమ్మీద ఇంకెవడూ చెయ్యని పని. పెళ్లాంతో ఏకాంతంగా గడపడానికి వెళ్తున్న ఊరి పేరు ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, అక్కడ తినడానికి ఏం బాగుంటాయో సలహాలు అడిగాడు. గంట తిరక్కుండా విజయవాడ నుంచి మా మావగారి ఫోన్. తన పెదనాన్న కొడుకు, డాక్టరుగారు, నలభై ఏళ్లుగా ఆ ఊళ్లోనే ఉన్నారనీ, మా ఆయనకి పెదనాన్న వరసయ్యే మనిషి ఇల్లుండగా హోటల్లో దిగితే ఆయన ఏమనుకుంటాడనీ, అసలు హోటల్ ఎందుకనీ. మా ఆయన ఫోన్‌లో అవును నాన్నా, అలాగే నాన్నా, అని రెండు మాటలే మాట్లాడాడు. ఆ రెండు మాటలతో హోటల్ పోయింది. రెస్టారెంట్ ఉందిగా అని నన్ను సముదాయించాడు. ఆ ధైర్యం చూస్తే నవ్వొచ్చింది.

శుక్రవారం సాయంత్రం డాక్టరు మావయ్యగారే ఎయిర్‌పోర్టుకి వచ్చారు. పెద్ద మనిషి, తెల్లటి మీసాలు, ఓడంత కారు. రెండు వందల ఏళ్ల ఇళ్లూ, చర్చిలూ, రాళ్లు పరిచిన సందులూ కిటికీలోంచి వెనక్కి పోతుంటే మా ఆయన అద్దానికి ముక్కు ఆనించి, అదిగో ఆ సందులోనే పీతల సూప్, ఇదిగో ఇక్కడే బిస్కెట్లు, అని గొణుక్కుంటున్నాడు. మావయ్యగారు మాత్రం మాకు మూడు చారిత్రక కట్టడాలే చూపించారు. ఆయన పనిచేసిన హాస్పిటల్, ఆయన కట్టించి అమ్మేసిన పాత ఇల్లు, గురువారం గురువారం కందిపప్పు వచ్చే ఇండియన్ స్టోరు. తర్వాత వంతెన దాటేశాం. ఊరు వంతెనకి అవతల ఉండిపోయింది.

అత్తయ్యగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. ఆవిడ డాక్టరు కాదు, డాక్టరుగారి భార్య. అయినా ఊళ్లో తెలుగువాళ్లంతా డాక్టరమ్మగారనే అంటారట. మోకాళ్ల నొప్పులతో పొద్దుటినుంచీ నిలబడి ఆవిడ వండినవి చూస్తే నాకు కళ్లు తిరిగాయి. పెరట్లో కాసిన గోంగూరతో పప్పు, అదే గోంగూరతో పచ్చడి, దొండకాయ వేపుడు, దప్పళం, పెరుగు వడ. వద్దంటే వినే రకం కాదు. విస్తరి ముందు చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వడ్డించే రకం. మా ఆయన నాలుగో సారి అన్నం పెట్టించుకుని, ఫోటో సంగతే మర్చిపోయి, గదిలోకి వెళ్లి మంచం మీద పడి గురక మొదలెట్టాడు. అప్పుడే చెప్పొచ్చు కదా అంటారా? లేపి చెప్పొచ్చు. కానీ నేను ఏడింటికని, తెల్ల గుడ్డ పరిచిన బల్ల దగ్గరని పట్టుబట్టుకు కూర్చున్నానాయె.

శనివారం ఊరు చూడ్డానికి బయల్దేరుతుంటే అత్తయ్యగారు స్టీలు క్యారియర్ చేతిలో పెట్టారు. పులిహోర, దద్ధ్యోజనం, మజ్జిగ మిరపకాయలు. ఇక్కడివాళ్లు చిక్కుడుకాయల్లో కూడా పంది ముక్క వేస్తారనీ, ఎవర్నీ నమ్మడానికి లేదనీ ఆవిడ హెచ్చరిక. మధ్యాహ్నం సముద్రం ఒడ్డున బెంచీ మీద మేమిద్దరం, మావయ్యగారు, ముగ్గురం వరసగా కూర్చున్నాం. ఎక్కడినుంచో వేపుడు రొయ్యల వాసన గుప్పున వస్తోంది. మా ఆయన ఒళ్లో పులిహోర పెట్టుకుని గాలి పీలుస్తున్నాడు. అటుగా పోతున్న ఒక ముసలి టూరిస్టు జంట ఆగి, అదేమిటని అడిగి, మా అనుమతితో పులిహోరని ఫోటో తీసుకుని, ఎంత ఆథెంటిక్‌గా ఉందో అని మెచ్చుకుని వెళ్లారు. మా ఆయన మొహం చూడాలి అప్పుడు. నాకైతే ఆ పర్యటన మొత్తానికీ పూర్తి సంతోషం కలిగిన క్షణం అదొక్కటే.

అయిదింటికి ఇంటికొచ్చాం. పట్టుచీర కట్టుకుందామా, డ్రెస్ వేసుకుందామా అని నేను ఆలోచిస్తుంటే వంటింట్లోంచి పోపు వాసన. వెళ్లి చూస్తే గుత్తొంకాయ కూర మగ్గుతోంది, పక్క పొయ్యి మీద చక్కెర పొంగలి. మా ఆయన్ని ముందుకి తోశాను. ఆయన గొంతు సవరించుకుని, పెద్దమ్మా, మేం ఇవాళ బయట, అన్నాడు. శనివారం పూట బయట ఏం తింటార్రా అన్నారావిడ, వెనక్కి తిరక్కుండానే. అంతే. నా వీరుడు సరే పెద్దమ్మా అనేశాడు. అమెరికాలో వంద మంది ముందు ప్రెజెంటేషన్లు ఇచ్చే మనిషి! చూపుతో కాల్చేసే విద్య నాకు వచ్చి ఉంటే ఆ వంటింట్లో బూడిద మిగిలేది.

ఆరింటికే కంచాలు పెట్టేశారు. మా ఆయన బల్ల కింద ఫోన్ పెట్టుకుని రిజర్వేషన్ క్యాన్సిల్ చెయ్యడానికి వెతుక్కుంటున్నాడు. ఆ వేలు తెర మీద కదులుతుంటే నాకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. ఆ బల్ల పోతే రేపు ఫ్లైటు, ఎల్లుండి సోమవారం. ఇంక నోరు దానంతటదే తెరుచుకుంది.

"క్యాన్సిల్ చెయ్యకండి," అన్నాను. (విడిగా ఉన్నప్పుడు నువ్వు, పెద్దల ముందు మీరు.) "నాకు సెయింట్ లూయిస్‌లో మాస్టర్స్ సీటొచ్చింది. సోమవారంలోగా చెప్పాలి. ఆ రెస్టారెంట్‌లో కూర్చుని మీకు చెబుదామనుకున్నాను."

నోట్లో గుత్తొంకాయ ఉంది. పదహారు రకాలుగా ఊహించుకున్న ఘట్టం, వంకాయ నములుతూ జరిగిపోయింది. మా ఆయన ఫోన్ బల్ల మీద పెట్టి నావైపు చూశాడు. మాట్లాడింది మావయ్యగారు. నెమ్మదిగా, ప్రేమగానే, అబ్బాయికి బంగారం లాంటి ఉద్యోగం ఉండగా నీకిప్పుడు చదువెందుకమ్మా, ముందు ఒక పిల్లనో పిల్లాణ్ణో కనండి, చదువుదేముంది, వచ్చే ఏడాదైనా చదువుకోవచ్చు, అన్నారు.

అత్తయ్యగారు గరిటె గిన్నెలో పెట్టారు.

"మీరు ఊరుకోండి," అన్నారు ఆయనతో. తర్వాత నావైపు తిరిగారు. "నాది బాటనీ ఎమ్మెస్సీ, అమ్మాయ్. యూనివర్సిటీ ఫస్ట్. ఈ ఊరొచ్చిన కొత్తలో పీహెచ్‌డీ చేస్తానన్నాను. మీ మావయ్యగారు వచ్చే ఏడాది అన్నారు. ఆ వచ్చే ఏడాది ఇంకా రాలేదు. పెరట్లో గోంగూర వేసుకున్నాను."

మావయ్యగారు తలొంచుకుని కంచంలో అన్నం కలుపుకోసాగారు. అది ఎప్పుడో కలిసిపోయిన అన్నం. ఆయన మీద నాకు జాలేసింది, ఆవిడ మీద ఏమనిపించిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను, ఏడుపైతే వచ్చింది. ఆవిడ చెయ్యి చాపి ఆయన దగ్గర కారు తాళాలు తీసుకుని మా ఆయన ముందు పెట్టారు. వెళ్లండి, టైమవుతోంది, అన్నారు. ఎంత గొప్ప మనసు అనుకుంటూ లేవబోయాను. కూర్చోబెట్టారు. కంచంలో వడ్డించింది వదిలేసి లేస్తారా, అది తినేసి కదలండి, పొంగలి ఇంకా వెయ్యనేలేదు, అన్నారు. స్త్రీ విద్య వేరు, కంచంలో అన్నం వేరు ఆవిడకి.

వంతెన మీద ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా కారు నడిపాడు. నేను కిటికీలోంచి నీళ్లు చూస్తూ కూర్చున్నాను. వద్దంటే ఏం చెప్పాలో నా దగ్గర జవాబుంది. ఆలోచిద్దాం అంటే దానికీ ఉంది. చివరికి ఆ బల్ల దగ్గరికి చేరాం. తెల్ల గుడ్డ, దీపం, అన్నీ ఫోటోలో ఉన్నట్టే ఉన్నాయి. మేమే, ఊపిరి పీల్చుకోవడానికి కూడా చోటు లేకుండా ఉన్నాం. వెయిటర్ కుర్రాడు వచ్చి అరగంట సేపు ఆ రవ్వ ఏ మరలో ఆడించారో, ఆ రొయ్యలు ఏ పడవలో వచ్చాయో వర్ణించాడు. భీమవరం పిల్లకి రొయ్యల గురించి చెబుతున్నాడు, పాపం. శనివారం కాబట్టి నేను బొబ్బర్ల అన్నం తెప్పించుకున్నాను. (అందులోనూ పంది ముక్క ఉంది. అత్తయ్యగారు ఎరగందేం లేదు.) మా ఆయన ఇన్నాళ్లూ కలలు కన్న రొయ్యల జావ ఎదురుగా వచ్చింది. ఫోటో తియ్యలేదు. ఒక స్పూను నోట్లో పెట్టుకున్నాడు. డెప్త్ గురించి ఏమీ అనలేదు. స్పూను కింద పెట్టేశాడు.

"వెళ్లు," అన్నాడు. "వెళ్లకపోతే బావుండదు. కానీ రెండేళ్లంటే, నేనొక్కణ్ణే కూర్చుని తినాలి. ఒక్కణ్ణే తింటే నాకు సహించదు."

దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, చాలు, ఈపాటి తిండికి తోడెందుకు, అన్నట్టున్నాను. ఆయన బల్ల మీదున్న హాట్ సాస్ సీసా తీసుకుని ఆ జావ మీద గబగబా చల్లుకుని, ఇంకో రెండు స్పూన్లు తిని, చేతిరుమాలు కళ్లకి అద్దుకున్నాడు. సాస్ ఘాటుగా ఉందన్నాడు. నేను నవ్వాను. ఈమాత్రం కారానికే కళ్లనీళ్లా అని ఏడిపించాను కూడా, ఫ్లైటు దిగేదాకా ఏడిపిస్తూనే ఉన్నాను.

సోమవారం వస్తానని చెప్పాను, ఆగస్టులో వెళ్లాను, చదివాను, తిరిగొచ్చాను. ఇప్పుడు ఉద్యోగం, ఇల్లు, నా కారు నాకున్నాయి. మొన్న ఇంటికి సరుకులు తెస్తుంటే కొట్లో అదే సాస్ సీసా కనబడింది. తీసుకొచ్చి వేలి మీద ఒక చుక్క వేసుకుని నాకి చూశాను. పుల్లగా, చప్పగా ఉంది. గుంటూరు మిర్చి యార్డు వెనక వీధిలో పుట్టి, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ పెరిగిన మనిషికి అది ఘాటెలా అయ్యింది? అంత తెలివైన పిల్ల, అంత పెద్ద చదువుకి సీటు తెచ్చుకున్న పిల్ల, ఎదురుగా కూర్చుని కూడా ఆమాత్రం తెలుసుకోలేకపోయింది, చూడండి.