బోల్టు మీద తెల్ల గీత

మా నాన్న బిగించిన ప్రతి బోల్టు మీదా ఒక తెల్ల గీత ఉండేది. సన్న కుంచెతో బోల్టు తల మీద మొదలుపెట్టి, అది కూర్చున్న ఇనుము మీదికి దించేవాడు. బోల్టు వదులై కాస్త తిరిగినా ఆ గీత రెండు ముక్కలవుతుంది. వంగి చూస్తే చాలు, రెంచి పట్టక్కర్లేదు. తిరుమలగిరిలో సైన్యం బండ్లు బాగుచేసే వర్క్‌షాపులో ఆయన ఉద్యోగమంతా ఆ గీతలు గీస్తూనే గడిచింది. రిటైరై సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నాక గీయడానికి బండ్లు లేక, నీళ్ళ మోటారుకీ, గేటుకీ, చివరికి అమ్మ గ్రైండరుకీ గీసి పెట్టాడు. అలాంటి సమయంలో నేను కారు కొన్నాను.

కొత్తది కాదు. పదేళ్ళు పైబడిన చిన్న కారు. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ, పెద్ద కారుకు పెట్టాల్సిన ఇంజను దాని కడుపులో పెట్టారు. తయారు చేసినవాళ్ళు ఆ మోడలు ఎప్పుడో మానేశారు. వారమంతా దాన్లో బడికి వెళ్ళి పిల్లలకు లెక్కలు చెప్పాలి. మద్రాసు దగ్గరున్న రేసు ట్రాకులో, ఎవరి బండి వాళ్ళు తెచ్చుకుని తోలుకోవచ్చని తలుపులు తీసే రోజొకటి ఉంటుంది. ఆ రోజు దాన్నే తీసుకెళ్ళి తనివితీరా తోలాలి. ఇదీ నా కోరిక. లెక్కల టీచరుకు, అందులోనూ పెళ్ళికాని పిల్లకు, ఇదేం పిచ్చి అని చర్చిలో పెద్దావిడలు మా అమ్మ చెవి కొరికేవారు. నా చెవిన పడితే నేనూ ఊరుకునేదాన్ని కాదు.

నాన్న మాత్రం కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఆగడం చేతకాని బండికి పరుగెందుకమ్మా? ముందు బ్రేకుల సంగతి చూద్దాం" అన్నాడు. ఆ మాటతో కారు నాది కాకుండా పోయింది, మా ఇద్దరిదీ అయింది.

ముందు చక్రాలకు పెద్ద డిస్కులు వేశాం. వేడికి తట్టుకునే ప్యాడ్లు వేశాం. రబ్బరు గొట్టాలు తీసేసి స్టీలు తీగ అల్లినవి పెట్టాం. తర్వాత పొట్టివి, గట్టివి స్ప్రింగులు. అవి వేశాక కారు నేలకు అంటుకున్నట్టు కూర్చుంది. మోండా మార్కెట్‌లో టమాటాలు కొంటే ఇల్లు చేరేసరికి పచ్చడవుతున్నాయని, ఇక మీదట చర్చికి ఆటోలో వస్తానని అమ్మ తేల్చి చెప్పింది. దొరకని సామాను కోసం నేనూ నాన్నా రాణిగంజ్ కొట్లన్నీ గాలించేవాళ్ళం. ఒక కొట్టతను మమ్మల్ని చూడగానే నవ్వేవాడు.

"ఏందమ్మా, గీ బండి ఇంకా నడుస్తుందా? దీని సామాన్ యాడ దొరుకుతది? జెర పరేషానే. కొత్తది కొనుక్కోరాదు?"

"కొత్తదానికి మా నాన్న ఏం చేస్తాడు?" అనేదాన్ని.

సరదాకే అన్నాను. కానీ అది నిజం. శనివారం వస్తే ఆయన పాత ఖాకీ చొక్కా తొడుక్కుని షెడ్డులోకి దిగేవాడు. పని ముగిశాక, ఇంజను స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద చెయ్యేసి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాడు. ముసలి బండికి సర్వీసింగులో సగం ఆ ప్రార్థనేనని ఆటపట్టించేదాన్ని. ఒక కన్ను తెరిచి, "నోరు మూసుకుని ఆమేన్ అను" అనేవాడు.

ఒక సోమవారం బడికి వెళ్తుంటే తిరుమలగిరి దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుమని చప్పుడైంది. మళ్ళీ గుంటలో పడితే మళ్ళీ టక్కుమంది. స్ప్రింగు అనుకున్నాను. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి నాన్న పడుకుని ఉన్నాడు. లేపడమెందుకని నేనే జాకీ పెట్టి చక్రం తీశాను. బ్రేకును పట్టి ఉంచే బోల్టు మీద ఆయన తెల్ల గీత చెక్కుచెదరకుండా ఉంది. చేత్తో తాకాను. బోల్టు వేళ్ళతోనే తిరిగింది.

కాసేపు నాకేమీ అర్థం కాలేదు. గీత తెగితే వదులైందని తెలుసు. గీత నిలబడి ఉండగా బోల్టు వదులుగా ఉండడమంటే ఒకటే దారి. ఆయన బిగించలేదు. బిగించాననుకుని గీత గీసేశాడు.

అమ్మకు చెప్పాను. కూర తరుగుతున్న కత్తిపీట పక్కన పెట్టి, నాకేసి చూడకుండా, "నిన్న రాత్రి ప్రార్థనలో ఒకే అధ్యాయం రెండుసార్లు చదివారు, గమనించావా?" అంది. గమనించాను. ఇద్దరం రెండుసార్లూ ఆమేన్ అన్నాం.

"డాక్టరుకు చూపిద్దామమ్మా."

"బీపీకని తీసుకెళ్ళి చూపించానే. వయసుతో వచ్చే మరపట. మందు లేదు, కాస్త నెమ్మదిగా ముదిరేలా చేసే బిళ్ళలున్నాయట. ఆయనకు తెలియకుండా బీపీ బిళ్ళలతో కలిపి ఇస్తున్నాను." కత్తిపీట మళ్ళీ ముందుకు లాక్కుని, "ఆ బోల్టు సంగతి మాత్రం ఆయనకి చెప్పకు. ఆ షెడ్డు కూడా లాగేసుకుంటే ఇంకేం మిగులుతుంది?" అంది.

నాకు కోపమొచ్చింది. అమ్మ మీదా, బిళ్ళల మీదా, అసలు ఇంతమందిలో ఈయనకే ఇది పెట్టిన దేవుడి మీదా వచ్చింది. కోపంతో చేయగలిగింది ఏమీ లేదు. అక్కడ బిగించడానికి ఏ రెంచీ పనికిరాదు.

అప్పట్నుంచి ఆయన పని ముగించి స్నానానికి వెళ్ళగానే నేను షెడ్డులో దూరేదాన్ని. ప్రతి బోల్టూ పట్టి చూసేదాన్ని. చాలావరకు గట్టిగానే ఉండేవి, అదే ఇంకా బాధ. అన్నీ వదులుగా ఉంటే ఏదో ఒకటి తేల్చుకోవచ్చు. ఒక వారం అంతా సరిగ్గా ఉండేది, మా నాన్న బాగైపోయాడని నా మనసు గంతులేసేది. మరుసటి వారం మళ్ళీ ఒకటి దొరికేది. దాన్ని బిగిస్తే గీత తెగుతుంది. తెగితే ఆయన చూస్తాడు. అందుకని పెట్రోలు గుడ్డతో ఆయన గీత తుడిచి, బోల్టు బిగించి, ఆయన డబ్బాలోని రంగుతోనే మళ్ళీ గీసేదాన్ని. కారు మానేద్దామనుకున్నాను, అమ్మేద్దామనుకున్నాను. శనివారం పొద్దున్నే ఆయన ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఏమ్మా, ఇవాళేం విప్పుదాం?" అంటే నా నోటికి ఆ మాట వచ్చేది కాదు.

ట్రాకు రోజు దగ్గరపడింది. ముందటి శనివారం బ్రేకులన్నీ ఆయనే విప్పి, శుభ్రం చేసి, బిగించాడు. ఆయన వెనకాలే నేను మళ్ళీ అన్నీ చూశాను. దొరికినవి దొరికాయి. బిగించి గీసి పెట్టాను. హైదరాబాదు నుంచి కార్లున్న కుర్రాళ్ళు కొందరు బయల్దేరుతుంటే వాళ్ళతో కలిసి వెళ్ళాం. దారంతా నాన్న పక్క సీట్లో కూర్చుని హుషారుగా ఉన్నాడు. నెల్లూరు దాకా చెప్పిన పటాలం కథే నెల్లూరు దాటాక మళ్ళీ మొదలుపెట్టాడు. మొదటిసారి విన్నట్టే నవ్వాను.

ట్రాకు మీదికి వదిలే ముందు ప్రతి కారునూ చూసి పంపుతారు. మా బృందాన్ని కూడగట్టిన కుర్రాడే ఆ పని చూస్తున్నాడు. చక్రాల సందుల్లోంచి టార్చి వేసి చూసి లేచాడు.

"అంకుల్, మీరే చేసిన్రా? ఏం నీట్‌గున్నయ్! ఈడ ఇంతమంది వచ్చిన్రు, గిట్ల మార్క్ చేసినోళ్ళు ఒక్కరు లేరు."

నాన్న ముఖం వెలిగిపోయింది. ఆ టార్చి అడిగి పుచ్చుకుని, తను చేసింది తనే మరోసారి చూసుకుందామని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వద్దనడానికి ఒక్క కారణం తోచలేదు. కుడి చక్రం చూసి, ఎడమ చక్రం దగ్గరికి జరిగాడు. కళ్ళజోడు సరిచేసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఇది నాది కాదమ్మా" అన్నాడు.

"అదేంటి నాన్నా, నీదే కదా."

"నా చెయ్యి వణుకుతుంది. నేను గీస్తే చివర్న వంకర పోతుంది. ఇది బోర్డు మీద గీసినట్టు తిన్నగా ఉంది."

ఎంత వంకరగా గీద్దామన్నా నా చేతికి ఆ వణుకు రాలేదు. ఆయన ఇంకో రెండు గీతలు చూశాడు. అవీ తిన్నగానే ఉన్నాయి. లేవబోతే మోకాలు పట్టేసింది. నేను చెయ్యిచ్చాను.

"ఎప్పట్నుంచి?" అని అడిగాడు.

"ఈ ఒక్కసారే నాన్నా. ట్రాకు కదా అని..."

అబద్ధమని ఆయనకు తెలిసింది. తెలిసిందని నాకూ తెలిసింది. చుట్టూ ఇంజన్లు రొద పెడుతున్నాయి. ఆయన జేబులోంచి గుడ్డ తీసి, అప్పటికే శుభ్రంగా ఉన్న చేతులను తుడుచుకున్నాడు.

"వర్క్‌షాపులో ఒక్కటి వదులుగా దొరికినా ఆ మనిషి చేతికి ఇంకో బండి ఇచ్చేవాళ్ళం కాదు" అన్నాడు. కోపంగా అనలేదు. పక్కవాడి గురించి చెప్పినట్టు అన్నాడు.

"నేనివాళ వెళ్ళను నాన్నా. ఇంటికి పోదాం."

"ఇంత దూరం వచ్చింది నా ముఖం చూడ్డానికా? ఎక్కు."

బానెట్ మీద చెయ్యి వేయలేదు. నేను ఆగి చూశాను, ఆయన తల తిప్పుకున్నాడు.

తోలాను. తిన్నని దారి చివర మొదటి మలుపు ముంచుకొచ్చింది, బ్రేకు తొక్కాను. ఇన్నాళ్ళు మేమిద్దరం దేనికోసం తిరిగామో ఆ బ్రేకు గట్టిగా, వంకర పోకుండా, పిడికిలితో పట్టినట్టు పట్టింది. కారు ఎంత బాగా ఆగిందంటే నాకు ఏడుపొచ్చింది. ఆ బోల్టులన్నీ ఆయన చేత్తో బిగించినవే అయ్యుంటే బాగుండునని, హెల్మెట్‌లో పైకే ఏడ్చాను. మిగతా మలుపులు ఎలా తిప్పానో గుర్తులేదు.

తిరిగి వచ్చేసరికి ఆయన పేర్చిన పాత టైర్ల మీద కూర్చుని ఎవరో ఇచ్చిన టీ తాగుతున్నాడు. అంతకు ముందు ఎన్నిసార్లు కారు బయటికి తీసుకెళ్ళి వచ్చినా, నేను దిగకముందే ఆయన చెప్పేసేవాడు. మూడో గేరులో ఎక్కువసేపు ఉంచావనో, కుడి ప్యాడు రాసుకుంటోందనో, శబ్దం విని నాకే నేర్పేవాడు. ఆ రోజు నేను ఇంజను ఆపి, హెల్మెట్ తీసి, ఎదురుగా వెళ్ళి నిలబడేదాకా ఏమీ అనలేదు. టీ గ్లాసు కింద పెట్టి, మర్యాదగా, దారిన పోయే ఎవరైనా అడిగినట్టు అడిగాడు.

"బాగా నడిచిందా అమ్మా, నీ కారు?"