మూడో తెర మీది పచ్చ బటన్

ఆసుపత్రిలో అందరూ ఆమెను చీటీలావిడ అంటారు. ఇరవై రెండేళ్లుగా కిటికీ వెనక కూర్చుని, రోగుల వివరాలు ఎక్కించుకుని చీటీలు ఇస్తోంది. కళ్లు రోగి మొహం మీద, చెయ్యి పని మీద. ఆ చెయ్యి తప్పు చేసిందని ఎవరూ అనగా వినలేదు.

కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి ఆ మంచిపేరు కాస్తా గంగలో కలిపింది. మొదటి రెండు తెరల్లో ‘భద్రపరచు’ బటన్ కుడిపక్కన పచ్చగా ఉంటుంది. మూడో తెరలో అదే చోట, అదే పచ్చరంగులో ‘తొలగించు’ తిష్ఠ వేసింది. చెయ్యి తన మానాన తాను నొక్కేస్తుంది, వివరాలు హుష్‌కాకి! ఇప్పటికి రెండుసార్లు వరసలో జనం విరుచుకుపడ్డారు. మూడోసారి జరిగితే కింద పాతకాగితాల గదికి పంపిస్తానని సూపరింటెండెంటు తేల్చి చెప్పాడు. అక్కడ దుమ్మే తప్ప మనిషి మొహం కనబడదు. ఆమె ప్రాణం ఉసూరుమంది.

పోనీ, ఆ తెరలు గీసినవాణ్ణి నాలుగు దులుపుదామా అంటే అతను స్వయానా అల్లుడు. తమ ఇంటి మరమ్మతులని నెల్లాళ్లుగా కూతురితో సహా అత్తారింట్లోనే మకాం.

“ఆ మూడో తెర కాస్త మార్చకూడదూ బాబూ?”

“అలా ఉంటేనే అందమండీ. బటన్ మీద పేరు రాసే ఉంది కదా అత్తయ్యా, చదివి నొక్కండి.”

అల్లుణ్ణి ఏమంటుంది? నేరుగా వంటింట్లోకి వెళ్లింది. ఉప్పూ పంచదారా ఒకేరకం డబ్బాల్లో ఉంటాయి. రెండింటి మీదా పేర్లు అంటించి, ఒకదాని చోట ఇంకొకటి పెట్టింది. పొద్దున్నే నిద్రకళ్లతో టీ పెట్టుకోవడం అల్లుడికి అలవాటు.

మర్నాడు మొదటి గుక్కకే అతని మొహం వంకర్లు తిరిగింది.

“పేరు రాసే ఉంది కదా బాబూ.”

రోషం గల మనిషి. మూడ్రోజుల్లో కొత్త చోటికి అలవాటుపడి, “చూశారా, మనసు పెడితే అన్నీ వస్తాయి” అని దర్జాగా టీ తాగాడు. ఆ మర్నాడు ఆమె డబ్బాలను మళ్లీ పాత చోట్లకు మార్చేసింది.

“ఏ రోజు ఏది ఎక్కడుంటుందో తెలీకపోతే మనిషి టీ ఎలా తాగుతాడు అత్తయ్యా!” అని అతను లబోదిబోమన్నాడు. కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది.

“ఆ టీ నేను రోజుకు నూటయాభైసార్లు తాగుతున్నాను బాబూ.”

అతను గ్లాసు పక్కన పెట్టి ల్యాప్‌టాప్ తెరిచాడు. సోమవారానికల్లా మూడో తెరలోనూ ‘భద్రపరచు’ కుడిపక్కకు వచ్చింది. ‘తొలగించు’ ఎర్రగా ఎడమ మూలకు పోయింది. చీటీలావిడ కిటికీ దగ్గరే ఉండిపోయింది.

అయినా మూడో తెర వస్తే ఆమె వేలు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. ఇంట్లో అల్లుడు చిటికెడు నాలుక మీద వేసుకుని చూడందే టీలో పంచదార కలపడు. డబ్బాల జోలికి మళ్లీ వెళ్లలేదని ఆమె ఎంత చెప్పినా నమ్మడు. అది చూసి ఆమెకు నవ్వొస్తుంది, పాపం అనిపిస్తుంది. అందుకే ఆదివారం మాత్రం టీ తనే పెట్టి ఇస్తుంది.