దిగని విమానంలోంచి దిగిన మనిషి

నేను మనుషుల్నే తొందరగా నమ్మను. ఇంక దెయ్యాల్ని ఏం నమ్ముతాను? టాక్సీ తోలేవాడికి అనుమానం స్టెప్నీ టైరు లాంటిది, అది లేకుండా బండి బయటికి తియ్యకూడదు. మా ఆవిడైతే, "నీకు కుళాయి నీళ్ళలో కూడా నీళ్ళు కలిపీసారేమోనని అనుమానం" అంటుంది. కాబట్టి ఇప్పుడు రాసేది నేను విన్న వెంటనే నమ్మేసిన కథ కాదు. నాకే జరిగింది. అటు తిప్పి ఇటు తిప్పి ఇన్నేళ్ళు చూసుకున్నాకే రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో సంగతి. స్టీల్ ప్లాంటు పని నడుస్తోంది, విశాఖపట్నానికి విమానం కొత్తగా వస్తోంది. నేవీవాళ్ళ రన్‌వే, పక్కన చిన్న భవనం, ముందు ఇనప కంచె, ఫొటోలు తియ్యరాదని బోర్డు. అంతే మా ఎయిర్‌పోర్టు. నాది అంబాసిడర్. అప్పటిదాకా రైల్వే స్టేషను దగ్గర పెట్టేవాణ్ణి, విమానం వచ్చాక ఇటు మార్చాను.

దిగి కారెక్కిన ప్రతివాడూ ముందు ఎయిర్‌పోర్టుల గురించే మొదలుపెట్టేవాడు. కలకత్తా ఇంజనీరు ఒకాయన, మా దగ్గర దోమలే మనుషుల్ని ఎత్తుకెళ్ళి విమానంలో కూర్చోబెడతాయయ్యా అనేవాడు, అదేదో గొప్పైనట్టు. ఢిల్లీ ఆయనకి పొగమంచు తప్ప వేరే కథ లేదు. రష్యావాళ్ళొచ్చినప్పుడు, మా ఊళ్ళో విమానం మెట్లు దిగేలోపే మీసాలు గడ్డకడతాయని దుబాసీ చేత చెప్పించి పగలబడి నవ్వారు. సింగపూర్ చూసొచ్చిన పెద్దమనిషి, అక్కడ నేలమీద అన్నం వడ్డించుకుని తినొచ్చు అన్నాడు. ఆఖరికి అందరూ కలిసి మాదాని మీద పడేవాళ్ళు. "ఇదేం ఎయిర్‌పోర్టు, దీనికన్నా మీ బస్టాండు నయం" అనేవాళ్ళు. నాకు చిర్రెత్తుకొచ్చేది. అయితే బస్టాండులోనే దిగకపోయావా అని నోటిదాకా వచ్చేది, మింగేసేవాణ్ణి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బయల్దేరిన మనిషిని మావైపు "ఎక్కడికి" అని అడగరు. అడిగితే వెళ్ళే పని చెడుతుందంటారు. పొరపాటున ఎవరైనా అడిగితే, ఆ మనిషి వెనక్కొచ్చి కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. మరి టాక్సీవాడు అడక్కుండా ఎలా? అందుకని "దూరమాండీ?" అంటాం. నాకది నమ్మకం కాదు, మా నాన్న మొట్టికాయలేసి నేర్పిన అలవాటు.

ఆ రోజుల్లోనే మా బావకి మస్కట్ పిచ్చి పట్టింది. బావంటే మా అక్క మొగుడు, అప్పలనాయుడు. ఆనందపురం దగ్గర పల్లె వాళ్ళది. వెల్డింగులో మంచి పనివాడు, కానీ ఇక్కడ కంట్రాక్టరు దగ్గర పని ఒక నెల ఉంటే ఒక నెల ఉండేది కాదు. పూర్ణా మార్కెట్ దగ్గర ఓ మేడ మీద గది తీసుకున్న ఏజెంటు ఒకడు బావని పట్టుకున్నాడు. అక్క అప్పుడు ఏడో నెల గర్భవతి. అంతకుముందు రెండుసార్లు పోయి, ఈసారి నిలిచింది. మొగుడు దగ్గరుండాలని దాని ప్రాణం కొట్టుకునేది, కానీ బావ ముందు నోరు విప్పేది కాదు.

నాకు మాత్రం మొదటిరోజు నుంచే అనుమానం. గల్ఫు వెళ్ళేవాళ్ళంతా రైల్లో బొంబాయి పోయి అక్కడ విమానం ఎక్కేవాళ్ళు. ఈ ఏజెంటు ఇక్కణ్ణుంచే విమానం టిక్కెట్టు చేతిలో పెట్టాడు. అంత ఉదారబుద్ధి ఎందుకో? అడిగితే బావ నవ్వేశాడు. "ఒరే సూరీ, నీకు నీ నీడ మీద కూడా అనుమానమేరా" అన్నాడు. ప్రయాణం గురువారం అన్నారు.

ఆ వారం సోమవారం పొద్దుట్నించీ ముసురు. మధ్యాహ్నం విమానం కోసం కంచె బయట కారాపి కూర్చున్నాను. సన్నగా జల్లు. కొద్దిగా కునుకు పట్టింది, అది దాచను. పైన విమానం మోత వినిపించింది, అదీ నిజమే. కళ్ళు తెరిచేసరికి పక్కనుండాల్సిన టాక్సీలు లేవు. అందరికీ బేరాలు తగిలి వెళ్ళిపోయారు, నిద్రపోయి నేనే చెడ్డాననుకున్నాను. ఇంతలో భవనం వైపు నుంచి ఒకతను నడిచొచ్చి వెనక తలుపు తీసి కూర్చున్నాడు.

మనిషి బాగా చిక్కిపోయి ఉన్నాడు. మాసిన గడ్డం. తెల్ల పొట్టిచేతుల చొక్కా, జేబు చినిగి వేలాడుతోంది. కుడి కనుబొమ సగం లేదు, ఎప్పుడో కాలినట్టు. చేతిలో సంచీ కూడా లేదు. కూర్చున్న దగ్గర్నుంచి ఎడంచెయ్యి నెత్తిమీదే పెట్టుకున్నాడు. నెత్తిన చెయ్యి దరిద్రం కదా, నాకు ఒళ్ళు మండింది. అయినా బేరం కదా అని "దూరమాండీ?" అన్నాను.

అతను నవ్వాడు. "నువ్వైనా అడగొచ్చు కదా బావా, ఎక్కడికని" అన్నాడు.

భాష మావైపుదే, ముక్కూమొహం తెలీనివాణ్ణి కూడా బావా అనడంతో సహా. బొబ్బిలి, సాలూరు యాస కొద్దిగా కలిసింది. ఊళ్ళోకి పోనీమన్నాడు, పోనిచ్చాను. దారిలో అందరిలాగే ఇతనూ ఎయిర్‌పోర్టుల మాటే ఎత్తాడు. ఇదుగో వచ్చాడు ఇంకొకడు, మాదాన్ని తిడతాడు చూడు అనుకున్నాను. తిట్టలేదు.

"అన్నిట్లోకీ ఇదే మంచిది" అన్నాడు. "కంచె కాడ మనుషులుంటారు. మెట్లెక్కిందాకా అగుపిస్తారు. నానున్న కాడ అంతా అద్దాలే బావా. సల్లగా ఉంటాది, నేల మెరిసిపోతాది. దేశదేశాలోళ్ళు ఇదే గొప్పదంటారు. నాకైతే దానికన్నా పాడుది ఇంకోటి లేదు. కాయితాలు లేవని బెంచీ మీద కూకోబెట్టీసారు. ఎవుడూ తిట్టడు, ఎవుడూ కొట్టడు. ఏటని అడిగినోడే లేడు."

మళ్ళీ తనే, "ఎల్లిననాడు ఎక్కడికని ఒక్కడు అడిగుంటే, కూకుని గ్లాసుడు నీళ్ళు తాగి ఎనక్కి పోదును" అన్నాడు.

తాగాడేమోనని వాసన చూశాను, లేదు. ఎన్‌ఏడీ కూడలి దాటాక మళ్ళీ అన్నాడు. "మీ బావకి సెప్పు. ఆకుపచ్చ వలతాడు కట్టిన పెట్టి ఒళ్ళో ఎట్టుకుని నా పక్కనే కూకుంటాడు. బిడ్డ పుట్టిందో లేదో తెలక రోజూ ఏడుత్తాడు."

బావ సంగతి నేను ఒక్క ముక్క ఎత్తలేదు. అద్దంలో చూస్తే కిటికీలోంచి వాన చూస్తున్నాడు. వెంటనే నా బుర్ర తనదారిన తను పోయింది. వీడెవడో ఇంకో ఏజెంటు మనిషి, బావ ఏజెంటు వ్యాపారం చెడగొట్టడానికి మా ఇంటి సంగతులన్నీ కనుక్కుని వచ్చాడు అనుకున్నాను. దొరికావురా అనుకుని ఎక్కడ దిగుతాడో చూద్దామని ఊరుకున్నాను.

పూర్ణా మార్కెట్ దగ్గర ఆపమన్నాడు. దిగి, బాడుగ మాటెత్తకుండా, సరిగ్గా ఆ ఏజెంటు గది కిందే నిలబడి పైకి చూశాడు. ఎడంచెయ్యి నెత్తిమీద. వెనకాల ఉల్లిపాయల తోపుడుబండివాడు గోల పెడుతుంటే కారు పక్కకి తీశాను. తిరిగి చూస్తే జనంలో కలిసిపోయాడు. మాయమయ్యాడని నేననను. మార్కెట్లో ఎవడైనా అలాగే కలిసిపోతాడు.

మర్నాడు ఎయిర్‌పోర్టులో సామాన్లు మోసే సింహాచలాన్ని పట్టుకుని, నిన్న దిగిన ఆ సగం కనుబొమవాడు ఎవడని అడిగాను. సింహాచలం నన్ను వింతగా చూశాడు. "ఏటి బావా, ఏ పాసింజరు? నిన్న ఇమానం దిగితే కదా! మబ్బుకి రెండు సుట్లు సుట్టీసి ఎనక్కెలిపోనాది" అన్నాడు.

టాక్సీలు ఎందుకు వెళ్ళిపోయాయో అప్పుడర్థమైంది. అయినా నేను ఒప్పుకోలేదు. నేవీవైపు నుంచి వచ్చాడేమో అనుకున్నాను. గేటు కాపలావాళ్ళని అడిగితే పాసు లేకుండా పిల్లి కూడా రాదన్నారు. పైగా నీకెందుకని ఎదురు నన్నే అనుమానంగా చూశారు. మరి ఆ వానలో, ఊరికి దూరంగా, సంచీ కూడా లేకుండా అతను ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

బావకి చెప్పాను. "పెట్టికి గోద్రేజ్ తాళం ఏసాను, తాడెందుకురా?" అని నవ్వాడు. అక్క నవ్వలేదు. నావైపు అదోలా చూసి లోపలికి వెళ్ళిపోయింది.

బుధవారం రాత్రి వాళ్ళు మా ఇంట్లో పడుకున్నారు. గురువారం పొద్దున్న పెట్టె డిక్కీలో పెడుతుంటే నా చేతిలోంచి జారి గొళ్ళెం ఊడిపోయింది. తాడు తాడు అని బావ కంగారు పడ్డాడు. పక్కింటి ఎర్రమ్మ మొగుడిది సముద్రం మీద వేట. ఆవిడ వాకిట్లో పడున్న వలతాడు కత్తితో కోసి తెచ్చింది. ఆకుపచ్చది. పెట్టెకి కట్టింది నేనే. వలతాళ్ళు సగం ఆకుపచ్చవే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అక్క గుమ్మంలో నిలబడి ఆ తాడునే చూస్తోంది.

ఎయిర్‌పోర్టులో బావ లోపలికి వెళ్ళి పెట్టె అప్పగించి, కంచె దగ్గరకొచ్చి మాతో మాట్లాడాడు. అదే ఏజెంటు పంపేవాడు ఇంకొకడు కూడా ఉన్నాడని, బొబ్బిలివైపు వాడని, అతనూ వెల్డరేనని, వెనకా ముందూ ఎవరూ లేరని చెప్పాడు. అతన్ని నేను చూడలేదు. దిగబెట్టడానికి ఎవరూ రాలేదు కాబట్టి అతను కంచె దగ్గరికే రాలేదు.

పిలిచారు. అందరూ వరసగా విమానం వైపు నడుస్తున్నారు. అది పెద్ద దూరం కాదు, మనిషి మొహం ఆనవాలు తెలుస్తుంది. బావ చివర్లో ఉన్నాడు, అతని ముందు ఒక తెల్లచొక్కా అతను, బావ చెప్పిన బొబ్బిలివాడు కాబోలు. అక్క కంచె ఊచలు పట్టుకుని నిలబడింది. ఏడవడంలేదు, ఊపిరి కూడా తీస్తున్నట్టు లేదు. నాలో ఏం పుట్టిందో నాకు తెలీదు. గొంతు చించుకుని అరిచాను.

"బావా! ఎక్కడికి?"

కంచె దగ్గరున్నవాళ్ళంతా ఒక్కసారి హవ్వ అన్నారు. ఓ ముసలావిడ "నీ నోరు పడిపోనూ, ఎల్లేటోణ్ణి అలా అడుగుతార్రా!" అని నా వీపు మీద చరిచింది. బావ ఆగిపోయాడు. ముందున్న తెల్లచొక్కా అతనూ ఆగాడు, వెనక్కి తిరక్కుండా, ఆ కేక తనకో కాదో అన్నట్టు. బావ విసవిసా కంచె దగ్గరకొచ్చి "నీ నోట్లో మన్నొయ్య, ఏటిరా ఆ కూత!" అన్నాడు. కానీ వచ్చాడు. తిట్టుకుంటూనే నేలమీద కూర్చున్నాడు. అక్క తనతో తెచ్చుకున్న చెంబులో నీళ్ళు ఊచల్లోంచి ఇచ్చింది. తాగి లేవబోతుంటే, అదే సందులోంచి చెయ్యి పెట్టి చొక్కా పట్టుకుంది. లోపలివాళ్ళు కేకలేస్తున్నారు, బావ వదలవే అంటున్నాడు. అది వదల్లేదు.

అప్పుడు విమానం వైపు చూశాను. తెల్లచొక్కా అతను మెట్లెక్కేశాడు. పై మెట్టు మీద ఆగి మావైపు తిరిగాడు. చొక్కా కొత్తది, జేబు బాగానే ఉంది. గడ్డం లేదు, మొహం నిండుగా ఉంది. కుడి కనుబొమ సగమే ఉంది. గాలికి జుట్టు ఎగురుతుంటే ఎడంచెయ్యి నెత్తిమీద పెట్టుకున్నాడు.

అతనే. సోమవారం నా కారులో కూర్చున్నవాడే. ఇంకా వెళ్ళనే లేదు!

"ఓయ్! ఎక్కడికి? నిన్నే!" అని అరిచాను. విమానం పంకాలు తిరగడం మొదలైంది. నా అరుపు నాకే వినపడలేదు. అతను లోపలికి వెళ్ళిపోయాడు, బావ లేకుండానే తలుపు మూశారు.

బావ నాతో చాలాకాలం మాట్లాడలేదు. ఏజెంటు గదికి తాళం పడి, మోసపోయినవాళ్ళు మార్కెట్లో గోల పెట్టాక ఓరోజు వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. అక్కకి ఆడపిల్ల పుట్టింది. బొడ్డుతాడు కోసిన వెంటనే ఎత్తుకున్నది బావే.

నేను బొబ్బిలి రెండుసార్లు వెళ్ళొచ్చాను. కనుబొమ గుర్తు చెప్పి వెల్డింగు షాపులన్నిట్లో అడిగాను. ఎవరికీ తెలీదన్నారు. అలాంటి మనిషి కోసం వెతుక్కుంటూ ఎవరూ రాలేదు కూడా. కొన్నేళ్ళపాటు విమానం దిగిన ప్రతి మొహం చూశాను.

కునుకులో కల కన్నానేమో అని నన్ను నేనే అనుమానించాను. కలైతే ఆ కనుబొమ నాకెలా తెలిసింది? అన్నదమ్ములేమో అనుకున్నాను. అన్నదమ్ములిద్దరికీ ఒక్కచోటే కాలుతుందా? వెళ్ళకముందే తిరిగొచ్చిన మనిషి గురించి ఎవరికి చెప్పుకోను?

నన్ను తినేది అది కాదు. ఎయిర్‌పోర్టు నుంచి పూర్ణా మార్కెట్ దాకా నా కారులోనే కూర్చున్నాడు. ఎవడో దొంగ అని చూశానే తప్ప పేరడగలేదు. అడిగుంటే ఆ గురువారం, అతను ఇంకా మెట్లెక్కకుండా ఆగి ఉండగానే, బావతో పాటు అతన్నీ పేరెట్టి పిలిచి ఎక్కడికని అడిగేవాణ్ణి.