తాతయ్యకు మిగిలిన ఒక్క కప్పు

మా తాతయ్య ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపాడు. బస్సు డీజిలుతో నడిచేది, తాతయ్య కాఫీతో నడిచేవాడు. రోజుకు ఆరు ట్రిప్పులు, ట్రిప్పుకో కప్పు. రిటైరయ్యాక ట్రిప్పులు ఆగాయి గాని కప్పులు ఆగలేదు. మొన్నటి చలికాలంలో గుండె ఒకసారి గట్టిగా హారన్ కొట్టింది. ఆస్పత్రిలో తొమ్మిది రోజులు ఉంచి, ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక చీటీ చేతిలో పెట్టింది. ఏడు రకాల మందులు రాసి, అడుగున గీత గీసి మరీ రాసింది: కాఫీ రోజుకు ఒక్క కప్పు.

"చిన్న కప్పా, పెద్ద కప్పా?" అని అడిగాడు తాతయ్య.

"మామూలు కప్పు."

"పొద్దున సగం, సాయంత్రం సగం తాగొచ్చా?"

"తాగండి. రెండు సగాలూ కలిపితే మాత్రం ఒకటే కావాలి."

తాతయ్య మొహం చూస్తే ఆయన లైసెన్సు లాగేసుకున్నట్టే ఉంది.

ఇంట్లో అమ్మమ్మ ఇచ్చే ఆ ఒక్క కప్పునూ ఎనిమిదో మందులా తాగేవాడు. కళ్ళు మూసుకుని, ఒక్క గుక్కలో. తాగేసి, "కాస్త గాలికి తిరిగొస్తా" అనేవాడు. ఆ గాలి ఎప్పుడూ బస్సు డిపో వైపే వీచేది. డిపో గేటు పక్కన ఒక కాఫీ బండి ఉంది మరి. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఠక్కున ఆగిపోతాడని మా వీధిలో ఆయనకు బ్రేకుల తాత అని పేరు. ఆ బండి దగ్గర మాత్రం ఆయన బ్రేకులు పనిచేయవు.

అమ్మమ్మ రెండుసార్లు పట్టుకుంది. రెండుసార్లూ పట్టిచ్చింది ఆయన మీసమే.

"ఇలా దగ్గరికి రండి."

"ఈ వయసులో ఏమిటే, పిల్ల చూస్తోంది."

"మీ సరసం మండిపోనూ. మీసం వాసన చూడాలి." చూసింది. "రెండు కప్పులు. రెండోదాంట్లో పంచదార కూడా."

తాతయ్య తువ్వాలుతో మీసం తుడుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

ఆ సాయంత్రం అమ్మమ్మ వంటింట్లో నాతో అంది. "ఆయన్ని తిట్టి లాభం లేదే. నేనిచ్చేది కుడితిలా ఉంది. కార్ఖానా మానేశాక కొట్లో పొడి కొంటున్నానా, ఏ పొడి తెచ్చినా అంతే. ఒక్కటే తాగాల్సిన మనిషికి ఆ ఒక్కటైనా మనసు నిండా ఉండాలి. లేకపోతే ఇలాగే డిపోకి పోతూ ఉంటాడు. ఒకరోజు డిపోవాళ్ళే మోసుకొస్తారు."

చివరి మాట అన్నాక గిన్నె తోమడం మొదలుపెట్టింది. అది అప్పటికే తోమి బోర్లించిన గిన్నె.

అమ్మమ్మది ఆ కార్ఖానాలో కాఫీ గింజలు ఏరే పని. రేవు పక్కన పొడుగాటి షెడ్డు, అందులో కదులుతూ పోయే బెల్టు, దానికి రెండువైపులా పదకొండుమంది ఆడవాళ్ళు. పచ్చి గింజలు వరదలా వస్తుంటే నల్లవి, విరిగినవి, పురుగు తొలిచినవి ఏరి పక్కకు తీయాలి. ఇరవై ఎనిమిదేళ్ళు తీసింది. అక్కడ ఆమెను డేగకన్ను అనేవాళ్ళు. మా అమ్మ రెండు షిఫ్టులు పనిచేసేది కాబట్టి నన్ను పెంచింది ఈ డేగా, ఆ బ్రేకులూ. నేను తొమ్మిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేస్తే అమ్మ గోల చేసింది గాని, వీళ్ళిద్దరూ ఒక్క మాట అనలేదు. "దీని చేతులు బాగున్నాయి, తల సంగతి తర్వాత చూద్దాం" అని తాతయ్యే నన్ను తీసుకెళ్ళి ఫోన్లు బాగుచేసే దుకాణంలో కూర్చోబెట్టాడు. ఇవాళ పగిలిన ఫోను ఏదైనా నా చేతిలో మళ్ళీ వెలుగుతుంది. తల సంగతి ఇంకా ఎవరూ చూడలేదు.

అందుకని ఈసారి నేను ఏదైనా చేయాలనుకున్నాను. ఫోన్లో వెతికితే మా ఊళ్ళోనే ఒకమ్మాయి కనిపించింది. మంచి మంచి తోటల గింజలు తెప్పించి, చిన్న యంత్రంలో వేయించి, నెలనెలా ఇళ్ళకు పంపుతుందట. దాన్ని స్పెషాలిటీ కాఫీ అంటారట. ముందు మూడు రకాలు కొద్దికొద్దిగా పంపుతుంది. పది రోజుల్లోగా అందులో ఒకటి ఎంచుకుంటే ఇక ప్రతినెలా అదే వస్తుంది. ముందుగా కొన్ని ప్రశ్నలకు జవాబులు చెప్పాలి.

"మీకు ఎలాంటి రుచి ఇష్టం? పండ్ల రుచా, చాక్లెట్ రుచా, పూల వాసనా?" అని చదివాను.

"కాఫీ రుచి అని రాయి," అన్నాడు తాతయ్య.

"అది లేదు తాతయ్యా."

"కాఫీ అమ్ముతూ కాఫీ రుచి లేదా? బస్సు ఎక్కి బస్సెక్కడా అన్నట్టుంది."

"పొడి కావాలా, గింజలు కావాలా?"

దీనికి అమ్మమ్మ చేతిలో పని వదిలేసి వచ్చింది. "గింజలే. పొడి చేశాక ఎవరి మొహం ఎవరికి తెలుస్తుంది?"

"రోజుకు ఎన్ని కప్పులు తాగుతారు?"

"ఒకటి," అన్నాడు తాతయ్య, నేరం ఒప్పుకున్నవాడిలా.

నాలుగో రోజుకు మూడు పొట్లాలు వచ్చాయి. పసుపుది, నీలిది, ఆకుపచ్చది. తాతయ్య పసుపుదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. వాసనకు పరిమితి లేదని డాక్టరమ్మే చెప్పిందట, నాకైతే నమ్మకం లేదు. అమ్మమ్మ పొట్లం లాక్కుని, వెలుతురు పడే కిటికీ దగ్గర స్టీలు పళ్ళెంలో గింజలు పోసింది. రెండు చేతుల వేళ్ళూ పళ్ళెం మీద ఆడటం మొదలుపెట్టాయి. కంటి ఆపరేషన్ అయి ఏడాది కాలేదు, దారాన్ని సూదిలోకి ఎక్కించడానికి నన్ను పిలుస్తుంది గాని, ఆ పళ్ళెంలోంచి అర నిమిషంలో నాలుగు గింజలు తీసి కాగితంలో చుట్టింది.

"ఇవి ఆ అమ్మాయికి వెనక్కి పంపించు. పురుగు తొలిచినవి."

"నాలుగు గింజలకు పొట్లం కట్టి పంపాలా?"

"తప్పు చూపించకపోతే పిల్లలు ఎలా నేర్చుకుంటారే?" అని నా వంక చూసింది. చూడాల్సిన అవసరం లేదు.

పసుపు పొట్లం కాఫీ ఒకరోజు కాచింది. ఆ అమ్మాయి రాసినట్టే పాలు కలపకుండా ఇచ్చింది. తాతయ్య ఒక గుక్క తాగి కప్పులోకి తొంగి చూశాడు. "ఇందులో ఎవరో నారింజ తొక్క కడిగారు." సగం వదిలేసి గాలికి వెళ్ళాడు. మీసం మళ్ళీ దొరికిపోయింది.

నీలిది మర్నాడు కాచింది. "పర్వాలేదు," అన్నాడు తాతయ్య. మా ఇంట్లో పర్వాలేదు అంటే ఏమిటో అమ్మమ్మకు తెలుసు. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన అదే అన్నాడట, దానికి ఇప్పటికీ పడుతున్నాడు. ఆరోజు కూడా గాలి డిపో వైపే వీచింది.

మూడోరోజు ఆకుపచ్చ పొట్లం పళ్ళెంలో పోసిందో లేదో, "ఓసి దీని దుంప తెగ!" అన్న కేక వీధి చివరిదాకా వినిపించింది. పరుగెత్తుకెళ్ళాను. పళ్ళెంలో గింజలన్నీ బఠాణీల్లా గుండ్రంగా, చిన్నగా ఉన్నాయి. మామూలు గింజకు ఒకవైపు చదునుగా ఉంటుంది కదా, వీటికి ఏ వైపూ చదును లేదు.

"అన్నీ గుండ్లే! బెల్టు మీద ఇవి కనబడితే ఏరి పక్క డబ్బాలో పడేసేవాళ్ళం. ఏరివేత సరుకు పొట్లం కట్టి మనకు అంటగట్టింది. ముసలివాళ్ళం, ఏం తెలుస్తుందిలే అనుకుంది. ఫోను కలుపు!"

కలిపాను. అమ్మమ్మ నోటికి హద్దు ఉండదని స్పీకరు పెట్టాను, అవసరమైతే నేను అడ్డుపడొచ్చని. ఆ అమ్మాయి ఓపిగ్గా అంతా వింది.

"అమ్మమ్మగారూ, మీరు గింజలు ఏరేవారా?"

"ఇరవై ఎనిమిదేళ్ళు. నా ముందా నీ ఆటలు?"

"అయితే మీకే బాగా తెలియాలి. మామూలుగా కాయలో రెండు గింజలు ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉంటాయి కదా. ఎక్కడో కొన్ని కాయల్లో ఒక్కటే పెరిగితే అది గుండ్రంగా వస్తుంది. మిగతావాటితో కలిపి వేయిస్తే సమంగా వేగదని విడిగా తీస్తారు. అంతేగాని పారేయడానికి కాదండీ. విడిగా అమ్ముతారు. నా దగ్గర అన్నిటికంటే ముందు అయిపోయేది అదే. మీరొకసారి కాచి చూడండి, నచ్చకపోతే అప్పుడు తిట్టండి."

అమ్మమ్మ ఫోను మీదకు వంగింది. "నాలుగు పుచ్చు గింజలు పంపావు, అవి మాత్రం తప్పే," అని పెట్టేసింది. ఓడిపోయినా ఏదో ఒకటి గెలిచి రావాలి ఆవిడకు.

ఆ గింజలు దంచి, కాచి, కప్పులో పోసి, ఏమీ చెప్పకుండా తాతయ్య ముందు పెట్టింది. తాతయ్య అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాడు. ఒక గుక్క తాగాడు. కళ్ళు తెరిచాడు. రెండో గుక్క చిన్నగా తాగాడు.

"ఏమే, ఇది మన కాఫీ కదూ?"

"మన కాఫీ ఏమిటి?"

"నువ్వు కార్ఖానాకి వెళ్ళే రోజుల్లో ఇంట్లో వేయించి పెట్టేదానివి చూడు, అది. ఇన్నేళ్ళూ ఎక్కడ దాచావే?"

అమ్మమ్మ పళ్ళెంలో మిగిలిన గుండ్లను వేళ్ళతో దొర్లించింది.

నాకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. కార్ఖానాలో ప్రతి శనివారం ఏరివేతలో నల్లవీ విరిగినవీ ఆ ఆడవాళ్ళకు తలా కొంచెం పంచేవాళ్ళట. పంచేది వాళ్ళ మేస్త్రమ్మ. నవ్వడం తెలియని మనిషి, నిమిషం ఆలస్యమైతే గేటు బయట నిలబెట్టే మనిషి. అమ్మమ్మ ఆమెను ముళ్ళకంప అనేది. అందరి సంచుల్లో ఏరివేత పోశాక, పైన ఆ ముళ్ళకంపే ఇంకో రెండు దోసిళ్ళు గుండు గింజలు వేసేదట. "చెత్తలో చెత్త, తీసుకుపోండి" అనేదట. విరిగిన సరుకు చాలదని వంకర సరుకు కూడా మా నెత్తిన రుద్దుతోంది అని దారి పొడుగునా తిట్టుకుంటూ వచ్చేది అమ్మమ్మ. ఇంటికొచ్చి నల్లవీ పురుగువీ మళ్ళీ ఏరి పారేసేది. చివరికి పెనం మీదకు చేరేవి ఎక్కువగా గుండ్లేనన్నమాట. కాఫీ అంత బాగా రావడం తన చేతి గొప్పేనని అనుకుంది. మాకూ అదే చెప్పింది. వీధికీ అదే చెప్పింది.

మేస్త్రమ్మ ఇప్పుడు కొడుకు దగ్గర, ఊరికి అవతలి చివర ఉంటోంది. నంబరు నేనే సంపాదించాను. స్పీకరు పెట్టమని ఎవరూ చెప్పలేదు, చెయ్యి తగిలింది.

"అక్కా, నేను. డేగకన్నుని."

"బతికే ఉన్నావా? ఏమిటి సంగతి?"

"ఆ గుండు గింజలు చెత్త కాదంటగా?"

అటువైపు ఒక వింత చప్పుడు వచ్చింది. ఆమె నవ్వుతోందని నాకు తర్వాత తెలిసింది. "ఇన్నేళ్ళకు తెలిసిందా? నీకు డేగకన్ను అని పేరు పెట్టింది ఎవతోగాని, దానికి ముందు కళ్ళజోడు పెట్టాలి."

"మరి చెత్త అని ఎందుకు చెప్పావక్కా?"

"మంచివని చెబితే ఏం చేసేవాళ్ళు? పదకొండుమందీ పట్టుకెళ్ళి అమ్ముకునేవాళ్ళు. ఒక్కతి కూడా ఇంట్లో కాచుకునేది కాదు. చెత్త అంటేనే మీరు నోట్లో పెట్టుకుంటారు."

"యజమాని ఏమీ అనలేదా?"

"వాడెవడే అనడానికి? నెలకో సంచి గుండ్లు నాకు ఇచ్చేవాడు, మేస్త్రీ పనికి. నా సంచి, నా ఇష్టం. మా ఇంట్లో కాఫీ తాగేవాళ్ళు లేరు, నాకూ పడదు."

అమ్మమ్మ నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో పేరు. ఆరోజు ఎంతసేపు ఆగిందంటే, అటునుంచి "ఏమే, ఉన్నావా?" అని వినిపించింది.

"ఉన్నాను. నిన్ను చాలా తిట్టానక్కా."

"తెలుసు. గేటు దాటకముందే మొదలుపెట్టేదానివి. మీ ఆయనకు ఎలా ఉంది?"

"ఉన్నాడు," అంది అమ్మమ్మ. "ఇప్పుడే కాఫీ తాగాడు." ఫోను నా చేతికిచ్చి కిటికీ దగ్గరికి వెళ్ళింది. మేస్త్రమ్మతో మిగతా క్షేమ సమాచారాలు నేనే మాట్లాడాను. ఆమెకు బిస్కట్లంటే ఇష్టమని కూడా తెలుసుకున్నాను. ఆ ఆదివారం అమ్మమ్మ రెండు బస్సులు మారి, ఒక డబ్బా నిండా బిస్కట్లు తీసుకుని వెళ్ళొచ్చింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నన్ను తీసుకెళ్ళలేదు. వచ్చాక మాత్రం ముళ్ళకంప అన్న మాట మా ఇంట్లో వినపడలేదు. పొరపాటున నేను అంటే నెత్తిన ఒకటి పడింది.

ఆకుపచ్చ పొట్లం అని ఫోన్లో నొక్కాం. తాతయ్యే వేలు పెట్టి నొక్కాడు, ఇంజన్ స్టార్ట్ చేసినంత శ్రద్ధగా.

మొదటి నెల పొట్లం వచ్చిన మర్నాడు ఆ కప్పు తాగడానికి ఆయనకు ఇరవై నిమిషాలు పట్టింది. సాయంత్రానికి సగం దాచుకోలేదు, కూర్చున్నచోటే మొత్తం తాగాడు. కప్పు కడిగి బోర్లించాడు. చెప్పులు వేసుకుని, "కాస్త గాలికి తిరిగొస్తా," అన్నాడు.

అమ్మమ్మ మొహం మాడిపోయింది. నా వంక చూసి కనుబొమలు గుమ్మం వైపు తిప్పింది. నేను చెప్పులేసుకున్నాను.

గాలి డిపో వైపే వీచింది. తాతయ్య గేటు పక్క బెంచీ మీద పాత డ్రైవర్ల మధ్య కూర్చున్నాడు. నేను బండికి ఇవతల, ఆగి ఉన్న బస్సు వెనక నక్కాను. ఊరికే నిలబడితే అనుమానం వస్తుందని ఒక కాఫీ కూడా కొనుక్కున్నాను. బండివాడు నా కాఫీ ఇచ్చి, అడక్కుండానే ఇంకో గ్లాసు నింపి బెంచీ దగ్గరికి పట్టుకెళ్ళాడు.

"నాది అయిందిరా," అన్నాడు తాతయ్య.

"ఏం తాతా, నామీద కోపమా?"

"కోపమేమిటి, ఇంట్లో..." బ్రేకు పడింది. బండివాడు గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. "ఇంట్లో తాగొచ్చాను," అని పూర్తిచేశాడు తాతయ్య.

గంటసేపు కూర్చున్నాడు. ఏ రూటులో ఏ గుంట ఉందో, కొత్త బస్సుల గేర్లు ఎలా ఉన్నాయో మాట్లాడుకున్నారు. ఆ గ్లాసులో కాఫీ పక్కవాళ్ళెవరో తాగేశారు. చివరికి లేచి, తిన్నగా నేను దాక్కున్న బస్సు వెనక్కే వచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్ళు అద్దాల్లో వెనక ఎవరున్నారో చూసుకుంటూ నడిపిన మనిషి దగ్గర దాక్కోవడం నా బుద్ధి తక్కువ.

"మీ అమ్మమ్మకు చెప్పుకో, తాగలేదని. మీసం కూడా చూసుకోమను." అంతలో నా చేతిలో ఇంకా సగం ఉన్న గ్లాసు చూశాడు. తీసుకుని వాసన చూసి, మొహం ముడిచి నాకే ఇచ్చేశాడు. "అయ్యో పిచ్చిదానా, ఇది తాగుతున్నావా?"

"నువ్వు ఇన్నాళ్ళూ తాగింది ఇదే కదా."

నా భుజం మీద చెయ్యేసి ఇంటివైపు నడిచాడు. వీధి మలుపు దగ్గర ఆగాడు.

"పారబోయ్. రేపు నా కప్పులో నీకో గుక్క ఇస్తాను," అన్నాడు. నాలుగడుగులు వేశాక మళ్ళీ అన్నాడు. "గుక్కంటే చిన్న గుక్కే."