అమ్మల ఫోను వేళకు ఆగే లంక బడి

కడియం వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో నేను టీచర్ని. మా బడి వరండా గోడ మీద ‘బాలల సభ’ అని పెద్దక్షరాలతో రాయించి, కింద ఐదుగురు పిల్లల పేర్లు వేయించి రెండేళ్లు దాటింది. సభ మాత్రం ఒక్కసారీ జరగలేదు. పిల్లల హక్కుల గురించి రాజమండ్రిలో శిక్షణ పెట్టినప్పుడు ఈ సంగతి నవ్వుతూ చెప్తే, పక్కన కూర్చున్న పెద్దాయన నవ్వలేదు. ఆయన కోనసీమలో, గోదావరి మధ్య ఉండే ఒక లంకలో బడికి హెడ్మాస్టరు. “వచ్చే శుక్రవారం మా పిల్లలు నన్ను నిలదీస్తారండి. వీలుంటే వచ్చి చూడండి,” అన్నారు. దేనికి నిలదీస్తారంటే వచ్చాక వాళ్లే చెప్తారన్నారు. ఆ రోజుల్లో నాకు ఇంట్లో ఉండబుద్ధి అయ్యేది కాదు. మా పాపని ఇంటర్‌లో చేర్చి విజయవాడ హాస్టల్లో దింపి వచ్చి నాలుగు నెలలైంది. దాని మంచం మీద దుప్పటి మడత విప్పకుండా అలాగే ఉంది. ఆదివారం తప్ప ఫోను చేయనివ్వరు, హాస్టల్లో ఉన్న ఆ ఒక్క లైను కోసం తల్లిదండ్రులందరూ పోటీ. ఎక్కడికైనా వెళ్తే ఒక రోజైనా గడుస్తుందని సెలవు పెట్టాను.

లంక బడులు చూడాలనుకునే వాళ్ల కోసం దారి చెప్తాను. రాజమండ్రి కాంప్లెక్సు నుంచి తెల్లవారుజామున రాజోలు బస్సులు మొదలవుతాయి. రావులపాలెం, కొత్తపేట మీదుగా పి.గన్నవరం చేరడానికి రెండున్నర గంటలు పట్టింది, టిక్కెట్టు ముప్పై రూపాయలకి కాస్త అటూ ఇటూ. కార్తీకం వెళ్లిన రోజులు, కొత్తపేట దాటేదాకా కిటికీ అద్దం మీద మంచు నీరై కారుతూనే ఉంది. గన్నవరం సెంటర్లో పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు, పొట్టిక్కలు, వేడిగా దొరుకుతాయి, తినే బయల్దేరండి, రేవు దాటాక హోటలు ఉండదు. అక్కడి నుంచి రేవుకి ఆటోలో మనిషికి ఐదు రూపాయలు. రేవులో పడవ నిండేదాకా కదలదు. మేం కదిలేసరికి పడవలో రెండు సైకిళ్లు, ఒక గేదెదూడ, అరటి గెలల కోసం వెళ్తున్న వ్యాపారి, నేను. పడవ నడిపే ఆయన నన్ను ఎగాదిగా చూసి, “బడికాండీ?” అన్నాడు. అవునంటే, ఈ ఒడ్డు నుంచి బడికెళ్లే పిల్లలు ఈవేళ తొందరగా దాటేశారని, సభ ఉందని చెప్పాడు. ఆయన మనవరాలు మూడో తరగతట. ఆ పిల్ల తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తుంది. ఈ లంకలో మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువ మంది గల్ఫ్ వెళ్లారని ఆయన చెప్తుంటే, దూరంగా కాలువని నది మీదుగా దాటించే అక్విడక్టు కమానులు ఒక్కొక్కటే మంచులోంచి బయటపడుతున్నాయి.

ఊరి పేరు రాయడం లేదు. ఈ సంగతులు రాయవచ్చా అని పిల్లల్ని అడిగితే, రాయమన్నారు కానీ ఊరి పేరు వద్దన్నారు, తమకి ఏ పేర్లు పెట్టాలో కూడా వాళ్లే చెప్పారు. కొబ్బరితోటల మధ్య రెండు గదులు, ముందు వరండా, అదే బడి. నేను వెళ్లేసరికి ప్రార్థన అయిపోయి నలభై మంది పిల్లలు వరండాలో గుండ్రంగా కూర్చున్నారు. హెడ్మాస్టారు కూడా వాళ్ల మధ్యే బాసింపట్టు వేసుకుని కింద కూర్చున్నారు. నల్లబల్ల తుడిచే డస్టరు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి, అది మేస్టారికైనా అంతే. అప్పుడు డస్టరు ఐదో తరగతి నాగవేణి చేతిలో ఉంది. పడవాయన మనవరాలి గురించి అడుగుదామనుకున్నాను కానీ, డస్టరు నా చేతిలో లేదు కదా.

నాగవేణి చెప్పింది ఇది. కువైట్‌లో, మస్కట్‌లో వాళ్ల అమ్మల్ని శుక్రవారం పొద్దున మాత్రమే బయటికి వదులుతారు. వాళ్లు ఫోను కార్డు కొనుక్కుని వరసలో నిలబడి ఊళ్లోని కొట్టుకి ఫోను చేస్తారు. మధ్యాహ్నానికల్లా మళ్లీ ఆ ఇళ్లకి వెళ్లిపోవాలి. మన లెక్కలో అది పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా. కొట్టు సుబ్బారావు గారు బడికి కబురు పంపి, పిల్ల పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి లైను తెగిపోతుంది. అక్కడ వెనక నిలబడ్డ వాళ్లు ఊరుకోరు కదా. అందుకని శుక్రవారం మధ్యాహ్నం విరామాన్ని గంట ముందుకి జరపాలని కిందటి సభలో అడిగారు. మేస్టారు వారం గడువు తీసుకున్నారు. ఈవేళ జవాబు చెప్పాలి.

డస్టరు హెడ్మాస్టారికి అందింది. బడి గంటలు తగ్గితే తాను పైవాళ్లకి సమాధానం చెప్పుకోవాలన్నారు. అది జరిపి సర్దవచ్చు కానీ, ఫోను మాట్లాడి వచ్చిన పిల్లలు ఆ పూట ఏడుస్తూనే ఉంటారని, పలక పట్టరని, బడి కమిటీలో కొందరు నాయనమ్మలు కూడా అదే అన్నారని చెప్పారు. ఆయన మాట అబద్ధం కాదు. నాగవేణి డస్టరు కోసం చెయ్యి చాపింది.

“మాట్లాడకపోయినా ఏడుస్తామండి మేస్టారూ. అది మీకు కనపడదు,” అంది.

ఆయన తలూపి, వంటావిడ ఒప్పుకుంటే జరుపుదామన్నారు. నేను నా చీర అంచు చూసుకుంటూ కూర్చున్నాను. మా పాప హాస్టల్లో ఆదివారం ఫోను పెట్టేశాక ఏ మూల కూర్చుంటుందో నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు.

అంతా ఒప్పుకున్నట్టే ఉంది. వంటావిడని పిలిచి అడిగితే, గంట ముందు పొయ్యి వెలిగిస్తానంది. అప్పుడు భవాని అనే నాలుగో తరగతి పిల్ల డస్టరు అడిగింది. తీసుకుని ఒళ్లో పెట్టుకుని, సుద్దపొడిని వేలితో గీస్తూ కూర్చుంది. ఎవరూ తొందర పెట్టలేదు.

“నాకొద్దండి,” అంది చివరికి. “అమ్మలు ఊళ్లో ఉన్నోళ్లు ఇళ్లకెల్తారు. ఫోనొచ్చేవోళ్లు కొట్టుకాడికెల్తారు. నేనెక్కడికెల్లాలండి?”

వానాకాలం మొదలైనప్పటి నుంచి వాళ్లమ్మ దగ్గర్నుంచి ఫోను లేదు. డబ్బులూ రాలేదు, ఉత్తరమూ లేదు. అమ్మమ్మ దగ్గర ఉంటోంది. ఇవన్నీ తర్వాత వంటావిడ చెప్పింది, ఆ పిల్ల చెప్పలేదు. మాతో పాటు రావచ్చు కదా అని నాగవేణి అంటే, ఊరికే నిలబడడానికి రానంది. ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్నదాన్ని, అక్కడ నేనైతే ఏం చేసేదాన్నో నాకు తెలుసు. బుజ్జగించేదాన్ని, మీ అమ్మ కూడా చేస్తుందిలే అనేదాన్ని, చేతులెత్తించి ఎక్కువ మంది మాట నెగ్గించేదాన్ని. హెడ్మాస్టారు ఆ మూడూ చేయలేదు. “మరి ఎలా ఉంటే నీకు బాగుంటుందో చెప్పమ్మా. అది తేలాకే మిగతాది,” అన్నారు.

భవాని ఆలోచించింది.

“ఫోను నేనెత్తుతానండి. ఎవరమ్మో అడిగి, ఆళ్లని పిలుత్తాను.”

ఆ మాట మీద సభ ముగిసింది. ఆవేళే మొదలుపెట్టారు.

పదకొండున్నరకి బెల్లు కొట్టాక నేనూ వాళ్ల వెంట కొట్టుకి వెళ్లాను. సుబ్బారావు గారిది కిరాణా కొట్టు. ఈ లంకలో సెల్‌ఫోన్లు రెండు మూడు ఇళ్లకి వచ్చినా నది ఒడ్డుకి వెళ్తే తప్ప సిగ్నల్ అందదు, అందుకని ఇప్పటికీ అందరికీ ఆయన ఫోనే. సంగతి విని ఆయన గల్లాపెట్టె పక్క నుంచి ఫోనుని ముందుకి జరిపి, భవాని కోసం పప్పుల డబ్బా ఒకటి బోర్లించి పీట వేశారు. పన్నెండు మంది పిల్లలు అరుగు మీద బుద్ధిగా కూర్చున్నారు. కొందరు తల దువ్వుకుని వచ్చారు, ఫోనులో కనపడరని తెలిసీ.

మొదటి ఫోను మోగగానే భవాని రెండు చేతులతో ఎత్తింది. “హలో అండీ. ఎవరమ్మండీ మీరు?” అని అడిగి, పేరు విని, గట్టిగా పిలిచింది. ఆ పిల్లకి రిసీవరు ఇచ్చి పక్కకి జరిగింది. అలా నాలుగైదు ఫోన్లు. పిల్లలు మాట్లాడేది చాలా తక్కువ. ఆయ్, ఊఁ, తిన్నాను, నువ్వెప్పుడొత్తావు. రిసీవరు ఇంకొకరికి ఇవ్వాల్సి వచ్చినప్పుడు దాన్ని చెవికి ఇంకా గట్టిగా అదుముకునేవారు.

తర్వాత వచ్చిన ఫోను నాగవేణి వాళ్లమ్మది. ఎత్తింది ఎవరని ఆవిడ అడిగినట్టుంది.

“కాదండి, నేను భవానినండి... ఆయ్... లేదండి, చెయ్యలేదండి... పొద్దున తిన్నానండి. పప్పుచారు... ఆయ్.”

ఆ తర్వాత వింటూ ఉండిపోయింది. అవతల గొంతు సన్నగా అరుగు దాకా వినిపిస్తోంది కానీ మాటలు తెలియడం లేదు. నాగవేణి లేచి వచ్చి పక్కనే నిలబడింది, తన ఫోనే అయినా లాక్కోలేదు, చెయ్యి కూడా చాపలేదు. కాసేపటికి భవానే “మీయమ్మ” అని రిసీవరు ఇచ్చి, కళ్లు తుడుచుకోకుండా మళ్లీ పీట మీద కూర్చుంది. ఒంటిగంట వేళకి ఫోను మోగడం ఆగింది. భవాని వాళ్లమ్మ ఫోను రాలేదు. సుబ్బారావు గారు ఫోనుని వెనక్కి జరపబోతే భవాని కాసేపు ఉంచమంది, ఆయన ఉంచారు.

ఆ రోజుకి వంట ముందుగా కాలేదు కాబట్టి, బడికి వచ్చాకే అందరం అన్నం తిన్నాం. హెడ్మాస్టారు అనుకున్నట్టే ఇద్దరు ముగ్గురు ఏడ్చారు. ఆయన ఆ పూట లెక్కలు పక్కన పెట్టి, ఎవరికి నచ్చింది వాళ్లు గీసుకోమని కాగితాలు ఇచ్చారు. సాయంత్రం పడవ ఐదింటికి ఆఖరిది. రేవు దాకా వచ్చి సాగనంపుతూ ఆయన తన గురించి ఒక్క మాట చెప్పుకోలేదు, మా బడిలో సభ ఎప్పుడని మాత్రం అడిగారు.

సంక్రాంతి సెలవుల తర్వాత ఇంకో శిక్షణలో ఆయన కనిపిస్తే ముందు భవాని గురించే అడిగాను. అక్కడ ఫోను కోసం వరసలో నిలబడే ఆడవాళ్లు వాళ్లమ్మ పేరు ఒకరికొకరు చెప్పుకుని వాకబు చేశారట. ఆవిడని వేరే ఇంటికి మార్చారు, అది ఊరికి చాలా దూరం, శుక్రవారం బయటికి వదలరు. బాగానే ఉన్నానని, పిల్లకి చెప్పమని కబురు వచ్చింది. ఆ కబురు తెచ్చిన ఫోను కూడా భవానే ఎత్తింది. గొంతు ఇంకా వినలేదు. ప్రతి శుక్రవారం ఆ పీట మీద కూర్చుంటూనే ఉందట.

లంక నుంచి వచ్చిన ఆ వారంలోనే మా బడిలో సభ పెట్టాను. ఆడపిల్లలు మరుగుదొడ్డి తలుపుకి లోపలి గడియ అడిగారు. ఏళ్ల తరబడి ఒకరికొకరు తలుపు పట్టుకుని కాపలా కాస్తున్నారని అప్పుడే తెలిసింది, రోజూ ఆ పక్క నుంచే నేను నడిచేదాన్ని. ఆ ఆదివారం లైను దొరికినప్పుడు మా పాపని మార్కుల సంగతి అడగలేదు, ఎలా ఉంటే నీకు బాగుంటుందని అడిగాను. “రెండ్రోజులు ఇంటికి రావాలని ఉందమ్మా, ఊరికే పడుకోడానికి,” అంది. వెళ్లి తీసుకొచ్చాను. పిల్లల గొంతు కోసం మనం ఎంతగా తపిస్తామో అనుకుంటాం కానీ, ఆ గొంతు ఏం చెప్పాలనుకుంటోందో వినడానికి మాత్రం పని ఆపుకుని కూర్చోము. ఆ లంకలో ఒక బడి వారానికొకసారి పని ఆపుకుని కూర్చుంటుంది. లంక నుంచి తిరిగి వస్తున్న ఆ రాత్రి రాజమండ్రి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అటువంటి బడిలో నేను చదువుకుని ఉంటే బాగుండేదని, నా కూతురు చదువుకుని ఉంటే ఇంకా బాగుండేదని అనుకున్నాను.

వెళ్లాలనుకునే వాళ్లకి ఒకే సూచన. వరదల నెలలు తప్ప లంక ఊళ్లకి ఎప్పుడైనా వెళ్లవచ్చు. కానీ శుక్రవారం వెళ్తే, పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా కొట్టులోని ఫోను అడగకండి. క్షేమంగా చేరామని ఇంటికి చెప్పడానికి కూడా వద్దు. ఆ లైను ఖాళీగా ఉండాలి.